కారు తలుపుకు లప్పం

మా ఆయన వడ్రంగి. చెయ్యి మంచిదే, బుద్ధే చెడ్డది. మా తమ్ముడు పద్మారావు నగర్‌లో ఒక డాక్టరమ్మ దగ్గర కారు నడిపేవాడు. దసరా ముందురోజు ఆమె ఆ తెల్ల కారును కడిగి, పసుపు కుంకుమలు పెట్టి పండుగ పొద్దున్నే తెమ్మంటే, మల్కాజ్‌గిరిలో మా ఇంటికి తెచ్చాడు.

బావ తాళంచెవి అడిగితే వాడు కాదనలేకపోయాడు. అక్క మొగుడికి ఎదురుచెప్పడం మా ఇళ్లల్లో లేదు. బస్తీలో ఒక చుట్టు తిప్పుతానని పోయిన మనిషి ముందు తలుపును గోడకు రాసి, జానెడు గీత పెట్టుకొచ్చాడు.

"నా నౌకరీ పోతది బావా!" అంటూ తమ్ముడు కూలబడ్డాడు.

"ఎందుకురా పరేషాన్? ఎన్ని అల్మారాలు చెయ్యలే నేను? తలుపంటే తలుపే గద."

అల్మారాకు చేసినట్టే చేశాడు. గరుకు కాగితంతో రుద్దితే జానెడు గీత పళ్లెమంత మచ్చయింది. చెక్క సందుల్లో కూరే లప్పం దాని మీద మెత్తి, ఇంట్లో మిగిలిన తెల్లరంగు కుంచెతో పూశాడు. డబ్బా మీద ఏం రాసుందో నేను చదవలేకపోయాను, అప్పటికి నాకు అక్షరాలు రావు. చదవొచ్చిన ఆయన చదవలేదు. కుంచె వెంట్రుకలు రెండు అందులోనే అతుక్కున్నాయి.

"ఏందయ్యా గిది? గజ్జి లేసినట్టున్నది," అన్నాను.

"నోర్మూయ్. పండుగ ఉన్నది గద."

తెల్లవారి ఆ మచ్చ మీదే మందంగా పసుపు మెత్తి, కుంకుమ బొట్లు పెట్టాడు. పూజ పసుపును ఎవరూ తుడవరని ఆయన ధైర్యం. దొంగపనికి దేవుణ్ణి కాపలా పెట్టాడు! ఛీ, ఆ చేతులు చూడబుద్ధి కాలేదు.

పూజ చూద్దామని ముగ్గురం అదే కారులో వెళ్లాం. డాక్టరమ్మ కొబ్బరికాయ కొట్టి, తలుపు మీది పసుపును తాకి కళ్లకద్దుకోబోయింది. వేళ్లకు పసుపుతో పాటు తెల్లరంగు జిగటగా అంటింది. రంగు ఆరనే లేదు.

"ఏమిటిది?"

మా ఆయన ముందుకొచ్చాడు. "మీ డ్రైవరే గుద్దిండమ్మా. నేనే జెర మంచిగ చేసిన."

తమ్ముడు తల వంచుకున్నాడు. నౌకరీ పోయినా సరే, నా కాపురం నిలవాలని వాడి లెక్క.

"అబద్ధమమ్మా," అన్నాను. "తిప్పింది ఈయన, గీకింది ఈయన, గీ లప్పం పెట్టింది సుత ఈయననే. మా తమ్ముడు తాళంచెవి ఇచ్చిండు, గంతే."

ఆమె తమ్ముడి వైపు తిరిగింది. "నిజమేనా?" వాడు తలూపాడు.

"పండుగయ్యాక షెడ్డుకు తీసుకుపో. ఇకనుంచి రాత్రిళ్లు కారు ఇక్కడే ఉండాలి," అని ఆమె చేతులు కడుక్కోవడానికి లోపలికి పోయింది. వాడి నౌకరీ నిలిచింది.

తిరుగు బస్సులో మా ఆయన నా మీదికి వంగాడు. "నలుగుట్ల నా ఇజ్జత్ తీసినవ్."

"ఉంటే గద తీసేది!"

పక్కన కూర్చోబోతుంటే నా సంచి ఆ సీటు మీద పెట్టాను. మల్కాజ్‌గిరి దాకా నిలబడే వచ్చాడు.