శుక్రవారం నాటి అరిసెలు

పోయిన ఆదివారం పొద్దున్న కుక్కరు రెండో కూత కూస్తుండగా నరసాపురం నుంచి ఫోను వచ్చింది. మా పక్కవాటా పిన్నిగారి పెద్దబ్బాయి. "అమ్మ పోయిందండి. తెల్లారి లేచి కాఫీ తాగింది. కాసేపు నడుం వాలుస్తానంది. మళ్లీ లేవలేదు," అన్నాడు. ఫోను చెవికి ఆనించుకుని అలాగే నిలబడిపోయాను. కుక్కరు ఇంకో నాలుగు కూతలు కూసి ఊరుకుంది. పప్పు అడుగంటిన వాసన వచ్చాక మా అమ్మాయి వచ్చి స్టవ్ కట్టేసింది.

మీలో ఎవరికీ ఆవిడ తెలియదు. పేపర్లో ఫొటో పడే మనిషి కాదు. నరసాపురంలో ఒక పెంకుటింట్లో రెండు వాటాలు. ఒకదాంట్లో ఆవిడ, వాళ్లాయన ఉండేవారు. రెండోదాంట్లో మేము అద్దెకుండేవాళ్లం. తొంభైల్లో ఏడేళ్లు ఆ ఇంట్లో ఉన్నాం. నా పిల్లలిద్దరూ అక్కడే ఎదిగారు. నాకు ఆవిడ పిన్నిగారు, పిల్లలకి మామ్మ. డెబ్బై రెండేళ్లకి, ఎవరి చేతా మంచినీళ్లు కూడా అందించుకోకుండా వెళ్లిపోయారు. ఆవిడ పద్ధతే అంత.

మా ఆయన రొయ్యల మేత కంపెనీలో పనిచేసేవారు. చెరువుల వెంట తిరుగుడు, వారంలో నాలుగు రోజులు ఊళ్లో ఉండేవారు కాదు. నేను మొగల్తూరు వెళ్లి ఒక ప్రైవేటు బళ్లో లెక్కలు చెప్పేదాన్ని. ఎనిమిదింటి బస్సు తప్పితే మళ్లీ తొమ్మిదిన్నరకి. నాలుగేళ్ల పెద్దాడికి బడి బట్టలు తొడిగి, చంటిదానికి పాలు పట్టి, జడ వేసుకుంటూ పరుగెత్తేదాన్ని. ఓ రోజు తొమ్మిదో తరగతిలో డస్టరు కోసం సంచీలో చెయ్యి పెడితే మావాడి నిక్కరు వచ్చింది. అప్పటికే దాంతో బోర్డు మీద సగం తుడిచేశాను కూడా. పిల్లలు ఆ ఏడాదంతా నా సంచీ వైపు ఆశగా చూస్తూనే ఉన్నారు.

నాకు కోపం ముందొస్తుంది, ఆలోచన తరవాతొస్తుంది. ఈ సంగతి నాకన్నా ముందు పిన్నిగారు కనిపెట్టారు. సాయంత్రం నేను బస్సు దిగి, గుమ్మంలోనే పెద్దాడి మీద ఏదో వంకన అరుస్తుంటే, దిబ్బరొట్టె ముక్క పళ్లెంలో పెట్టుకుని వచ్చేవారు.

"నీకు ఆకలేసినప్పుడల్లా పిల్లల మీద కోపమొస్తోంది అమ్మాయ్. చూసుకో కావాలంటే. ముందు ఇది తిని, తరవాత తిట్టు."

తిన్నాక తిట్టాలనిపించేది కాదు. ఇప్పటికీ ఇంట్లో నేను గొంతు పెంచితే, ఇంటర్ చదువుతున్న మా పెద్దాడు పుస్తకంలోంచి తలెత్తకుండానే "అమ్మా, ఏమైనా తిన్నావా?" అంటాడు.

ఆ పెద్దాడే ఒకసారి ముక్కులోకి పచ్చిబఠాణీ తోసుకున్నాడు. నేను హడలిపోయి జాకెట్టుకున్న పిన్నీసు ఊడదీసి వాడి మీదకి వెళ్లాను. పిన్నిగారు నా చేతిలోంచి పిన్నీసు లాక్కుని, వాళ్లాయన ముక్కుపొడుం డబ్బా తెచ్చి, చిటికెడు తీసి వాడి రెండో ముక్కు దగ్గర పెట్టారు. వాడు తుమ్మిన తుమ్ముకి బఠాణీ వెళ్లి గోడకి తగిలింది. వాడికిది ఎంత నచ్చిందంటే, సాయంత్రం ఇంకో బఠాణీ పెట్టుకుని స్వయంగా వాళ్ల వాటాలోకి వెళ్లి నిలబడ్డాడు.

పిన్నిగారు లేసు అల్లేవారు. మధ్యాహ్నాలు అరుగు మీద కాళ్లు చాపుకుని, ఆ కాళ్ల మధ్య మా చిన్నదాన్ని పడుకోబెట్టుకుని అల్లుతూ ఉండేవారు. రెండు వారాలు కష్టపడి అల్లిన బల్లగుడ్డ అంచుని ఓ రోజు చిన్నది కొస పట్టుకుని లాగింది. లాగేకొద్దీ వచ్చింది. నేను బయటికి వచ్చేసరికి పిల్ల మెడదాకా దారంలో ఉంది. నేను చెయ్యెత్తాను. ఆవిడ అడ్డం వచ్చి, "ఆగు అమ్మాయ్! ఎంత నేర్పుగా విప్పిందో చూడు. ఒక్క ముడి పడనివ్వలేదు," అన్నారు. సాయంత్రం దాకా ఆ దారం ఉండ చుట్టి, మర్నాడు మళ్లీ మొదలుపెట్టారు.

పిల్లలు పడితే ఎవరూ అయ్యో అనకూడదని ఆవిడ ఇంట్లో రూలు. "ఓహో, గంతేశాడర్రా!" అనాలి. ఏడవబోయినవాళ్లు నిజంగానే గంతేశామేమోనని ఆలోచనలో పడేవారు.

ఇక అసలు సంగతికి వస్తాను. మా చిన్నది అన్నిటికీ ఆలస్యమే. మా వైపు పిల్లలు ఎదిగే ప్రతి ముచ్చటకీ ఒక పిండివంట ఉంది. బోర్లా పడితే బొబ్బట్లు చేస్తాం, గడప దాటితే గారెలు వండుతాం. తొలి అడుగులు వేస్తే అరిసెలు చేసి, పిల్లని వాటి మీద నడిపించి, వీధిలో పిల్లలందరికీ పంచుతాం. మా చిన్నదానికి గారెల దాకా ఎలాగో అయ్యాయి. అరిసెల దగ్గర ఆగిపోయింది. పదహారు నెలలు నిండాయి. పట్టుకుంటే నిలబడేది, వదిలితే కూర్చునేది. వీధిలో ఎవరెదురైనా, "టీచరుగారూ, మా అరిసెలెప్పుడండి?" అనేవారు. డాక్టరుగారు కాళ్లు పట్టి చూసి, "గట్టిగానే ఉన్నాయమ్మా, దానికి బుద్ధి పుట్టినప్పుడు నడుస్తుంది," అన్నారు. ఆ మాట నేను నమ్మాను గానీ మా అత్తగారు నమ్మలేదు.

ఆవిడ ద్రాక్షారామం నుంచి వచ్చి వారం ఉన్నారు. చెడ్డమనిషి కాదు, ఐదుగురిని పెంచిన తల్లి. మనవరాలి మీద బెంగతోనే అన్నారు. "తల్లి ఇంటిపట్టునుండి చెయ్యి పట్టుకుని నడిపిస్తే పిల్ల నడుస్తుంది. నువ్వు బళ్లో ఊరి పిల్లలకి లెక్కలు చెబుతూ కూర్చుంటే దీని సంగతెవరు చూస్తారు? బడి మానేస్తావా, దీన్ని నాతో తీసుకెళ్లిపోనా? శనివారం నేను బయల్దేరేలోపు ఏదో ఒకటి చెప్పు."

మా ఆయన "నీ ఇష్టం" అన్నారు. అంతా నా ఇష్టమే అయితే నాకంత ఏడుపెందుకొచ్చిందో ఆయన అడగలేదు. ఆ ఉద్యోగం అంటే నాకు ప్రాణం. రోజు మొత్తంలో నేను ఒక మాట మొదలుపెట్టి, మధ్యలో ఎవరూ లాగకుండా, చివరిదాకా చెప్పగలిగేది ఆ క్లాసులోనే. అయినా పిల్లని వదులుకునేదెవరు? బుధవారం రాజీనామా కాగితం రాసి సంచీలో పెట్టుకున్నాను.

గురువారం సాయంత్రం బస్సు దారిలో పాడైంది. ఇంటికొచ్చేసరికి ఏడున్నర. చిన్నది అప్పటికే నిద్రపోయింది. పిన్నిగారు గుమ్మంలో నిలబడి ఏదో చెప్పబోయి, నా వెనక మా అత్తగారు రావడం చూసి, "పొద్దున్న మాట్లాడదాంలే," అని వెళ్లిపోయారు.

శుక్రవారం పొద్దున్న నేను బయల్దేరేసరికి చిన్నది ఆవిడ చంకలో ఉంది. దిగుతానని గింజుకుంటోంది. ఆవిడ దింపడం లేదు. మా అత్తగారు వీధి గుమ్మంలోంచి నా వైపు చూశారు, చూశావా అన్నట్టు. నాకు ఒళ్లు మండిపోయింది.

"పిన్నిగారూ, పొద్దస్తమానం మీరలా చంకనేసుకు తిరుగుతుంటే దానికి నడకెలా వస్తుందండి? మీ గారాబానికి మాటలు పడేది నేను!"

అన్నాక నోరు కరుచుకున్నాను గానీ, అనేశాను కదా. ఆవిడ, "నిజమేనమ్మా," అన్నారు. పిల్లని ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకున్నారు. అప్పటికీ దింపలేదు.

ఆ కోపంతోనే బడికెళ్లి, రాజీనామా ఇచ్చేద్దామని హెడ్మాస్టరుగారి గది దాకా నడిచాను. ఆయన పని మీద భీమవరం వెళ్లారన్నారు. రేపిద్దాం అనుకున్నాను.

సాయంత్రం ఇంటికొస్తే వాకిట్లో పిన్నిగారు నా కోసమే చూస్తున్నారు. చిన్నది ఇంకా చంకలోనే ఉంది. "సంచీ అక్కడ పడేసి కింద కూర్చో," అన్నారు. లోపలికి కేకేసి, "వదినగారూ, మీరూ ఒకసారి రండి," అని మా అత్తగారినీ పిలిచారు. నేను కూర్చున్నాక పిల్లని అరుగు స్తంభానికి ఆనించి నిలబెట్టి, చేతులు తీసేసి పక్కకి జరిగారు.

చిన్నది నన్ను చూసింది. స్తంభం వదిలింది. ఒకటి, రెండు, మూడు. ఆరో అడుగుకి తూలి నా ఒళ్లో పడింది. వీధంతా వినపడేలా ఏడ్చాను. మా అత్తగారు కళ్లు తుడుచుకుని, "అచ్చం వాళ్ల నాన్న నడకే," అన్నారు.

"చూశారా వదినగారూ," అన్నారు పిన్నిగారు. "పొద్దుటి నుంచీ నేల మీద కాలు పెట్టలేదు. వాళ్లమ్మ వచ్చేదాకా ఆగింది."

అని లోపలికి వెళ్లి పళ్లెం నిండా అరిసెలు తెచ్చారు. ఇంకా వెచ్చగా ఉన్నాయి. తెల్లటి గుడ్డ పరిచి, వాటిని వరసగా పేర్చి, చిన్నదాన్ని నడిపించాం. వీధిలో పిల్లలంతా వచ్చిపడ్డారు. మా అత్తగారు ఒక అరిసె తుంచి నోట్లో వేసుకుని, పిన్నిగారి వంక ఒక్కసారి చూసి, "పాకం బాగా కుదిరిందండి," అన్నారు. తరవాత నాతో, "ఎక్కడ తిరిగినా అది నిన్నే చూసుకుంటోంది. సరేలే, నీ బడి నువ్వు కానియ్," అన్నారు. శనివారం ఆవిడ ఒక్కరే బస్సెక్కారు. కాగితం నేను చింపేశాను. ఈ పూటకీ పిల్లలకి లెక్కలు చెబుతూనే ఉన్నాను.

ఆ తరవాత మా ఆయనకి బదిలీ అయి రాజమండ్రి వచ్చేశాం. మూడేళ్ల కిందట మా చెల్లెలి కొడుకు అడుగులేశాడు. సాయంత్రానికి అరిసెలు పట్టుకొస్తానని పొద్దున్నే గొప్పగా మాటిచ్చేశాను. నాకు అప్పటిదాకా అరిసెలు తినడమే వచ్చు. పిన్నిగారికి ఫోను చేశాను.

"బియ్యం ఎప్పుడు నానబోశావు?" అన్నారు.

"ఇప్పుడు పోస్తానండి. సాయంత్రానికి అయిపోవూ?"

"ఓసి పిచ్చిదానా! బియ్యం ఒక రోజు పూర్తిగా నానాలే. మర్నాడు నీళ్లు వార్చి, తడిపిండి కొట్టించి, అప్పుడు పాకం పట్టాలి. అరిసెలంటే ఉప్మా అనుకున్నావా?"

లెక్కల టీచరుని కదా, ఎనిమిదేళ్లు ఆలస్యంగానైనా లెక్క చేశాను.

"మరి మా చిన్నది నడిచిన రోజున, అది నడిచేసరికే అరిసెలు సిద్ధంగా ఉన్నాయి కదండి. మీరు బియ్యం ఎప్పుడు పోశారు?"

అటువైపు పిన్నిగారు నవ్వారు.

"దొరికిపోయానే. గురువారం మధ్యాహ్నం నడిచింది అమ్మాయ్. మీ అత్తగారు భోంచేసి పడుకున్నారు. నాలుగడుగులేసి గోడ పట్టుకుంది. సాయంత్రం నీ చేత చూపిద్దామంటే నీ బస్సు రాలేదాయె. మర్నాడు నువ్వు లేకుండా ఆవిడ కంట పడితే, చూశారా, తల్లి గుమ్మం దాటాక నడిచిందీ అనేవారు. అందుకని దింపలేదు."

"చంకలో పిల్లతోనే అరిసెలు వండారా?"

"పొయ్యి దగ్గర మా ఆయన చంకలో వేశాలే. ఆయన్ని కూడా దింపొద్దన్నాను."

"నేనంత మాటన్నాను కదండి. అప్పుడైనా చెప్పలేకపోయారా?"

"చెబితే నువ్వు చూసేది రెండోసారి అయిపోదూ?" అన్నారు. "తల్లి చూసిందే మొదటిదమ్మా. నేను చూసింది లెక్కలోకి రాదు."

ఆ శనివారం, ఆదివారం ఆవిడ మంచం దిగకపోవడం అప్పుడు గుర్తొచ్చింది. నూనె సెగకి జ్వరం తగిలిందని చెబితే నమ్మాను. వెళ్లి ఒక మాత్ర ఇచ్చి, బాధ్యత తీరిపోయినట్టు వచ్చేశాను. రెండు రోజులు పిల్లని మోసి ఆవిడకి నడుం పట్టేసింది. మా అత్తగారికి మాత్రం ఆ వేళే తెలిసి ఉండాలి. జీవితమంతా అరిసెలు వండిన మనిషి, వెచ్చటి అరిసె చేతిలో పట్టుకుని లెక్క కట్టలేరా? ఆవిడా నోరు విప్పలేదు. ఫోన్లోనే ఏడుస్తూ, తప్పయిపోయిందండీ, క్షమించండి అన్నాను. "అదంతా ఎందుకు గానీ, ఇంతకీ ఏమైనా తిన్నావా?" అన్నారు.

పోయిన ఆదివారం, ఫోను వచ్చిన రోజే, మధ్యాహ్నానికి నరసాపురం చేరాను. ఎనిమిదో తరగతి చదువుతున్న మా చిన్నది కూడా నాతో వచ్చింది. మామ్మ పాదాల దగ్గర చాలాసేపు కూర్చుంది. దానికి ఈ కథంతా తెలుసు. ఎవరైనా నువ్వెప్పుడు నడిచావే అంటే, శుక్రవారం సాయంత్రం అనే చెబుతుంది. నేనూ అంతే. ఆవిడ అన్న మాటని మేము కాదనం.

కానీ అప్పటినుంచి నాకు పదేపదే కనబడేది నేను చూడని ఆ గురువారమే. ఎండ అరుగు దాకా వచ్చి ఉంటుంది. పక్క వాటాలో మా అత్తగారి గురక. పిల్ల స్తంభం వదిలి నాలుగడుగులు వేస్తుంది. పిన్నిగారు లేసు కింద పడేసి, ఎక్కడ కేక వచ్చేస్తుందోనని పమిటకొంగు నోటికి అడ్డం పెట్టుకుంటారు. పరుగెత్తి ఎవరికైనా చెప్పాలని ఉంటుంది, చెప్పరు. పిల్లని ఎత్తి చంకనేసుకుంటారు. వంటింట్లోకి వెళ్లి గిన్నె దింపి, సోలతో బియ్యం తీసి, ఒక్క గింజ చప్పుడు కాకుండా మెల్లగా నీళ్లలోకి వదులుతారు.