నీడకు వేసిన రంగు

ఇందుమతి దర్శకురాలైంది డబ్లిన్‌లోనే గానీ, చేతికి పని అబ్బింది హైదరాబాద్‌లో. జపాన్ యానిమేషన్ సీరియళ్ళకి అక్కడ రంగులేసేవాళ్ళు. కథ జపాన్ వాళ్ళది, గీత వాళ్ళది, ఏ రంగెక్కడో చెప్పే షీటూ వాళ్ళదే. వీళ్ళవి కళ్ళమంటలూ, మెడనొప్పులూ. చివర్లో కంపెనీ పేరొక్కటే పడేది.

పక్క సీటు లీలారాణి షీటు మాట వినేది కాదు. దెయ్యాల ముఖం మీది నీడకి బూడిదరంగు వెయ్యమంటే ఊదా కలిపేది. "చచ్చినోళ్ళకు చలి పెట్టదటే?" అని నవ్వేది. తిట్లు తిని మళ్ళీ చేసేది. పని అప్పజెప్పాల్సిన వారంలో జ్వరమొస్తే సెలవివ్వలేదు. సీట్లోనే కూలిపోయి, మళ్ళీ లేవలేదు. మర్నాడే ఆ కుర్చీలో ఇంకో అమ్మాయి. జ్వరంతో పోయిందన్నారు. అబద్ధం. పని చంపింది.

ఏళ్ళు గడిచాయి. డబ్లిన్ శివారు క్లాండాల్కిన్‌లోని స్టూడియోలో, రంగుల విభాగం నుంచి ఎదిగిన ఇందుమతి తన మొదటి సినిమా చూసుకుంటోంది. సముద్రంలో పోయినామె దెయ్యమై ఒడ్డుకు తిరిగొచ్చే సీను. తాను షీటులో ఇచ్చింది బూడిదరంగు. తెర మీద ఊదా.

రంగులు వేయించింది హైదరాబాద్‌లోని తన పాత కంపెనీలోనే. అక్కడి టీమ్ లీడ్ చక్రధర్‌కి ఫోన్ చేసింది.

"సారీ మేడమ్, అలవాటుకొద్దీ 'లీల' వేసేశారు. మార్పిస్తా."

"లీల ఎవరు?"

"మనిషి కాదు మేడమ్, రంగు. దెయ్యాల నీడకి మేమంతా అదే వాడతాం. నేను చేరకముందు నుంచీ కంప్యూటర్లో ఆ పేరే ఉంది."

"మార్చకండి" అంది ఇందుమతి.

తిన్నగా నిర్మాత విక్టర్ దగ్గరికెళ్ళి, రంగులేసిన అందరి పేర్లూ పడాలంది. ముందు లీలారాణి పేరు.

"కంపెనీ పేరు వేస్తున్నాంగా, గ్రాండ్, అది చాలు! ఆవిడ ఈ సినిమాకి పనిచేసిందా?"

"చేసింది."

"పేర్ల నిడివి పెంచలేం. విడిగా పడే నీ పేరు తీసేస్తే తప్ప..."

"తీసెయ్."

"పిచ్చా నీకు? మొదటి సినిమా ఇది!"

"నాకు మొదటిది. లీలారాణికి ఇదొక్కటే."

మొదటి ప్రదర్శన నాడు చప్పట్లు బాగానే మోగాయి. పేర్లు మొదలవగానే జనం కోట్లు తగిలించుకుని లేచారు. ఇందుమతి వరసల మధ్యకి ఉరికి, "కూర్చోండి! ఇంకా అయిపోలేదు!" అని తెలుగులోనే అరిచింది.

ఎవరికీ అర్థం కాలేదు. అయినా ఒకరిద్దరు కూర్చున్నారు. తెర మీద లీలారాణి పేరు మెల్లగా పైకి పోయింది. మెడ మీద ఎవరో చల్లగా ఊపిరి వదిలినట్టైంది. ఇందుమతి వెనక్కి తిరగలేదు.