నాలుగు యాంటెనాలు, ఒక్క డబ్ల్యూ

ఒకే ఒక్క అక్షరంతో నా పరువునంతా అత్తారింట్లో ముంచిన ఘనుణ్ణి నేను. ఎలా ముంచానో చెబుతాను, మీరూ నవ్వుకోండి. మా ఆవిడ సౌజన్య ఇప్పటికీ నవ్వుతూనే ఉంది.

అప్పటికి మా పెళ్ళయి నాలుగు నెలలు. నేను విజయవాడలో ఇంగ్లీషు మాస్టర్ని. హోటల్ మెనూలో స్పెల్లింగు తప్పుంటే పెన్ను తీసి దిద్దందే ఇడ్లీ ముట్టేవాణ్ణి కాదు. అలాంటి నాకు ఉయ్యూరు నుంచి మామగారు ఫోన్ చేశారు.

"అల్లుడుగారూ, శనివారం పదకొండింటికి మా సుధకి ఆన్‌లైన్ ఇంటర్వ్యూ అండీ. ఇంట్లో సెల్ సిగ్నల్ అందదాయె. నెట్ కేబులు లాగించాను. ఆ వైఫై డబ్బా మాత్రం మీరే చూసి తేవాలి."

సుధ నా మరదలు. మూడేళ్ళు కష్టపడి చదివి ఆ ఇంటర్వ్యూ దాకా వచ్చింది.

డబ్బా ఎంపికలో నేను పాటించిన శాస్త్రం ఒక్కటే. సంతలో ఎద్దుని చూసినట్టు కొమ్ములు చూసి, నాలుగు యాంటెనాలున్నదాన్ని సౌజన్యతో సహా ఉయ్యూరు పట్టుకెళ్ళాను. శనివారం పొద్దున్నే బిగించాను. నా ఫోన్ వెంటనే కలిసింది. అందరినీ హాల్లోకి పిలిచి పాస్‌వర్డ్ ప్రకటించాను: "మా ఆవిడ పేరే! ఇంగ్లీషులో. మొదటిది పెద్దక్షరం. ఈ జన్మలో మరిచిపోలేని మాట!"

అత్తగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మురిసిపోయారు. నేనూ మురిశాను, మీ దగ్గర దాపరికమెందుకు!

పదిన్నరకి సుధ లాప్‌టాప్ తెరిచింది.

"బావగారూ, పాస్‌వర్డ్ తప్పంటోందండీ."

"మళ్ళీ కొట్టమ్మా. కంగారులో వేళ్ళు తడబడతాయి."

"ఇది నాలుగోసారండీ!"

"అయితే ఆ బీరువా అడ్డమొస్తోంది. ఇనుము కదా!"

మామగారూ నేనూ రొప్పుతూ బీరువా జరిపాం. తర్వాత డబ్బాని కిటికీలోకి, కిటికీలోంచి ఫ్రిజ్ మీదకి మార్చాను. కొమ్ములు నాలుగు దిక్కులకీ తిప్పాను. మామగారి ఫోన్ కలవదు, సౌజన్య ఫోన్ కలవదు.

"నాది పనిచేస్తోందిగా! లోపమంతా మీ వాటిలోనే" అని తీర్పు చెప్పేశాను.

పదకొండుకి ఇంకా పది నిమిషాలే ఉన్నాయి. సుధ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అప్పుడు మాత్రం నాకు నిజంగా భయమేసింది.

సౌజన్య లాప్‌టాప్ తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. "ఏవండీ, మీరే కొట్టండి."

కొట్టాను. తను వంగి, పక్కనున్న కన్ను బొమ్మ నొక్కింది. చుక్కలన్నీ అక్షరాలయ్యాయి.

"నా పేరులో డబ్ల్యూ ఎక్కడిదండీ? నేను 'యు' కదా రాసేది!"

సుధ ఆ చర్చకి ఆగలేదు. చెయ్యి చాపి మీట నొక్కింది. నెట్ కలిసింది. లాప్‌టాప్ లాక్కుని గదిలోకి పరుగెత్తింది.

హాల్లో మామగారు మెల్లగా గొంతు సవరించుకున్నారు. "మీరు వేయించిన శుభలేఖలోనూ డబ్ల్యూయే పడింది. ప్రెస్సువాడి తప్పన్నారు కదండీ, అల్లుడుగారూ?"

నేను వెంటనే బీరువాని యథాస్థానానికి జరిపే పనిలో పడ్డాను. ఈసారి ఒక్కణ్ణే.

ఆ ఉద్యోగం సుధకే వచ్చింది. నాకెంత గర్వమో చెప్పలేను! చదివింది తనే అయినా, కొమ్ములు నావి కదా! ఆ మాట హనుమాన్ జంక్షన్ దాకా చాటుకొచ్చాను.

కనుక ఆ నాలుగు యాంటెనాల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: పదో తరగతి సర్టిఫికెట్ కళ్ళారా చూడందే ఇకమీదట ఎవరి పేరూ ఇంగ్లీషులో రాయను, కట్టుకున్న భార్యదైనా సరే.

పాస్‌వర్డ్ మారుస్తానంటే మాత్రం సౌజన్య ఒప్పుకోలేదు. మేం ఉయ్యూరు వెళ్ళినప్పుడు చుట్టాలొచ్చి అడిగితే తనే ముందుకొచ్చి చెబుతుంది:

"నా పేరేనండీ. మావారి స్పెల్లింగులో."