మా కాలువలో గంధకం గని

ఆ రోజుల్లో బి.ఎస్సీ. పాసైనవాడికి తెలియనిది లోకంలో ఏదీ ఉండేది కాదు. నాకైతే అసలే ఉండేది కాదు. అరవైల్లో ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపు లేబొరేటరీలో టెంపరరీ ఉద్యోగం (నూనె సీసాలు కడగడాన్ని ఉద్యోగమనే చెప్పుకునేవాణ్ణి), మేనత్త క్వార్టర్లో మకాం. కెనడాలో, ఫ్రాన్సులో భూమిలోంచి వచ్చే కంపు గ్యాసును శుద్ధి చేసి, ఏటికేడు మరింత గంధకం తీసి గుట్టలు పోస్తున్నారని ఏదో పత్రికలో చదివాను. గంధకానికి మనం పై దేశాల ముఖం చూస్తున్న కాలమది. ఇక నా నోరు ఆగలేదు.

అత్త వంటింటి వెనకే పెద్ద కాలువ, కుళ్ళిన కోడిగుడ్ల కంపు. దానిమీద రాతిపలకలు వేయించమని ఆవిడ నాలుగేళ్లుగా అర్జీలు పెట్టిస్తోంది. ఆ కంపూ కెనడా కంపూ ఒకటేనని అరుగుమీద కూర్చుని మా క్వార్టర్ల లైనంతటికీ పాఠం చెప్పాను. అందులో అబద్ధం లేదు, బుద్ధే లేదు. పక్కింటి యూనియన్ పెద్దమనిషి (మేమంతా బాయిలర్ మామ అనేవాళ్లం) దేశానికి గంధకం మన లైనే ఇవ్వాలని తీర్మానించేశాడు.

సరిగ్గా అప్పుడే, ఎవరి పుణ్యమో, పలకల బండి వచ్చింది. అత్త సంబరంగా కూలీలకు టీ పెట్టింది. బాయిలర్ మామ బండికి అడ్డం నిలబడి, మూత వేసేస్తే గ్యాసు ఎలా పట్టుకుంటామని వాదన పెట్టుకున్నాడు. శానిటరీ ఇన్‌స్పెక్టరు దాదా నావైపు తిరిగి, "ఠీక్ హై బాబూ, ఆ మాటే రాసిచ్చేయండి" అన్నాడు. లైనంతా చూస్తోంది, అత్తా చూస్తోంది. కాదనడానికి ఒక్క మాట చాలు. నా పరువు ఆ మాట రానివ్వలేదు. కాలువ శాస్త్రీయ పరిశోధనలో ఉన్నదని ఇంగ్లీషులో రాసి, బి.ఎస్సీ.తో సహా సంతకం పెట్టాను. ఒక కాగితాన్ని అంత ఆనందంగా అందుకున్న ఉద్యోగిని మళ్లీ చూడలేదు. పలకలు ఏ ఆఫీసరు బంగళాకో తరలిపోయాయి.

కాలువమీద కుండ బోర్లించాం. వారం తర్వాత తీస్తే దోమలు తప్ప ఏమీ లేవు. కెనడావాళ్లు ఆ గ్యాసును కొంత మండించి, మిగతాదానితో కలిపి, ఊరంత ఫ్యాక్టరీలో చేసే పనది. పత్రికలో ఆ పేజీ నేను చదవలేదు.

ఆ రాత్రి అత్త కంచం ముందు పెట్టి అంది:

"ఆళ్లు కంపులోంచి గంధకం తీసినారు. నువ్వు గంధకం పేరు సెప్పి నా కంపు నాకే ఉంచేసినావు. ఏటి సదివినావురా?"

మళ్లీ పలకలు రావడానికి రెండు వానాకాలాలు పట్టింది. అంతవరకూ ఆవిడ వంటింటి కిటికీ మూసుకుని, ఆ ఉక్కలోనే నాకు వండిపెట్టింది. ఇప్పుడు ఏ సభలోనైనా ఒక యువకుడు లేచి దేశానికి దారి చూపిస్తుంటే నవ్వొస్తుంది. నాయనా, మీ ఇంట్లో వంట ఎవరు చేస్తారు అని అడగాలనిపిస్తుంది.