ఏమీ చూడలేదన్న మేస్త్రి

రంగుల మేస్త్రికి చిన్నప్పటినుంచీ ఒకచోట కుదురుగా కూర్చోవడం చేతకాదు. "వీడి కాళ్లకు చక్రాలున్నాయి" అనేది తల్లి. ఒక గోడ ఆరేలోపు పక్క గోడ గీకడం మొదలుపెట్టేవాడు. భోజనం కూడా నిలబడే కానిచ్చేవాడు. పని నేర్పింది మామగారు. బ్రష్షుతోపాటు కూతుర్నీ, విశ్వాసాన్నీ ఆయనే చేతిలో పెట్టాడు. మూడింటిలో దేన్నీ మేస్త్రి వదల్లేదు. శరీరం గుడారంలాంటిది, ఏనాడో ఒకనాడు తాళ్లు విప్పాల్సిందే, లోపలున్న ఆత్మకు మాత్రం చావు లేదని పాస్టరుగారు చెబితే తల ఊపేవాడు. అనుమానమన్నది లేదు. అనుమానపడాలన్నా కాసేపు కూర్చోవాలి కదా.

యాభై దాటాక ఒక ఉదయం ఆసుపత్రి నడవాకు రంగు వేస్తూ నిచ్చెన దిగాడు. డబ్బా కిందపెట్టి, "ఒక్క నిమిషం" అంటూ గోడ వెంబడి జారి కూలిపోయాడు. గుండె ఆగిపోయింది. పడితే పడ్డాడు గాని చోటు చూసుకుని పడ్డాడని తర్వాత అందరూ నవ్వుకున్నారు. డాక్టర్లు పరుగున వచ్చి, ఛాతీ నొక్కి, కరెంటు షాకు ఇచ్చి, ఆగిన గుండెను మళ్లీ కొట్టించారు. కళ్లు తెరిచేసరికి పక్కటెముకల్లో పోట్లు, ఎండిన నోరు, ఎదురుగా భార్య.

"మీరు పోయి వచ్చారంట. డాక్టరే చెప్పాడు," అంది చెయ్యి వదలకుండా. "ఏం చూశారండీ?"

"నీళ్లు," అన్నాడు.

పాపం, దాహమేసి అడిగాడు. కానీ ఆ ఒక్క మాట భార్య నోటినుంచి ఆమె అన్నగారి చెవిలో పడింది. ఆ బావ సంఘపెద్ద. ఇసుకరేణువు ఇస్తే మేడ కట్టి చూపించగల మనిషి. సాయంత్రానికల్లా మేస్త్రి పరలోకంలోని జీవజలాల నది ఒడ్డుదాకా వెళ్లి వచ్చాడని సంఘమంతా చెప్పుకున్నారు.

ఇంటికి పంపుతూ మంచం దిగొద్దన్నారు. అసలు చిక్కు అక్కడే వచ్చింది. కూర్చోవడం తెలియనివాడికి కూర్చుని ఆలోచించాల్సి వచ్చింది. ఆ కాసిని నిమిషాలూ ఎక్కడ పోయాయోనని లోలోపల వెతుక్కున్నాడు. డబ్బా కిందపెట్టడం గుర్తుంది. కళ్లు తెరవడం గుర్తుంది. నడుమ ఏమీ లేదు. చీకటి కూడా కాదు. చీకటైతే చీకటని తెలియాలి కదా! గుడారం కూలినప్పుడు లోపలున్నది బయటికి రావాలి. వస్తే ఎటు పోయింది? ఒకవేళ లోపల ఎవరూ లేరా? ఆ ఆలోచన వస్తే కాలు కాలిన పిల్లిలా కిటికీకీ తలుపుకీ మధ్య తిరిగేవాడు. భార్య కసిరితే వచ్చి పడుకునేవాడు, ఆమె అటు తిరగ్గానే మళ్లీ లేచేవాడు.

"ఆదివారం మందిరంలో సాక్ష్యం చెప్పాలి బావా," అన్నాడు సంఘపెద్ద వచ్చి. "ఎంతమంది బలపడతారో!"

"నేనేం చూశానని బావా?"

"చూసే ఉంటావు, మందుల మత్తులో మరిచిపోయుంటావు. కళ్లు మూసుకుని ఆలోచించు, అదే వస్తుంది."

"వస్తే నేను కల్పించుకున్నదే వస్తుంది."

బావ విననట్టే టీ చప్పరించాడు.

మర్నాడు దారాలు, గుండీల కొట్టు నడిపే అమ్మ వచ్చింది. ఆమె ఒక్కగానొక్క కొడుకు జ్వరంతో పోయాడు. మంచం కాళ్ల దగ్గర నిలబడి, "నాయనా, మావాడు కనబడ్డాడా?" అని అడిగింది. మేస్త్రికి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ నీళ్లను ఆమె మరోలా అర్థం చేసుకుంది. "చాలు నాయనా. చెప్పలేకపోతున్నావు, నాకు తెలుస్తోంది," అని దుప్పటి మీదనుంచే అతని పాదాలు నొక్కి వెళ్లిపోయింది. వెనక్కి పిలవాలని అనుకుంటూనే ఉండిపోయాడు.

ఇక ఉండబట్టలేక చెప్పులేసుకుని పాస్టరుగారింటికి నడిచాడు. ఆయన పెరట్లో సైకిలు చైను ఎక్కిస్తున్నారు.

"అయ్యా, నేనేమీ చూడలేదు," అన్నాడు మేస్త్రి, పలకరింపు కూడా లేకుండా. "నది లేదు, వెలుగు లేదు. నాకు అసలు ఆత్మ ఉందంటారా?"

పాస్టరుగారు నల్లబడ్డ చేతులతోనే అరుగు మీద కూర్చున్నారు.

"నాలుగురోజులు సమాధిలో ఉండి, ప్రభువు పిలిస్తే లేచొచ్చినాయన సంగతి తెలుసుగా నీకు? లోపల ఏం చూశాడని బైబిల్లో రాశారో నేనూ వెతికాను. ఒక్క ముక్క లేదు. తర్వాత అందరితో కలిసి భోజనానికి కూర్చున్నాడని మాత్రం ఉంది."

"మరి?"

"మరేముంది. ఎవరో చూసొచ్చి చెప్పారని కాదు మన నమ్మకం. ప్రాణం ఇచ్చినవాడు దాన్ని పారెయ్యడని. నాకూ ఒక్కోసారి మనసు నిలవదయ్యా, ఎవరికీ చెప్పను గాని." ఆయన చైను వంక చూసుకున్నారు. "ఆదివారం చూసింది చెప్పు. చూడనిది చెప్పకు."

ఆదివారం మందిరం నిండిపోయింది. మేస్త్రి లేచి కుర్చీ వీపు గట్టిగా పట్టుకున్నాడు.

"నా గుండె ఆగింది. డాక్టర్లు దాన్ని మళ్లీ కొట్టించారు. వాళ్ల చేతులకు ఆ నేర్పు ఇచ్చిన దేవుడికి స్తోత్రం. నడుమ నేనేమీ చూడలేదు. నీళ్లన్నది దాహమేసి." ఎవరో కిసుక్కున నవ్వారు. బావ మెడదాకా ఎర్రబడ్డాడు. మేస్త్రి గుండీల అమ్మ వైపు తిరిగాడు. "అమ్మా, మీవాణ్ణి నేను చూడలేదు. ఆ రోజే చెప్పాల్సింది."

ఆమె లేచి వెళ్లిపోయింది. బయట చెప్పుల చప్పుడు దూరమయ్యేదాకా ఎవరూ పాట ఎత్తుకోలేదు.

దారిలో భార్య, "మా అన్న పరువు గంగలో కలిపారు," అంది. నాలుగడుగులు వేశాక ఆమే, "అయినా మీరు వచ్చారు. నాకంతే చాలు," అని కొంగుతో ముక్కు తుడుచుకుంది.

తర్వాత గుండీల కొట్టుకు పోయినప్పుడల్లా ఆమె పక్కవాళ్లకు దారాలు కొలిచిచ్చిందే గాని అతని మొహం చూడలేదు. మేస్త్రి పోవడం మానలేదు. ఒక మధ్యాహ్నం కొట్లో ఎవరూ లేనప్పుడు ఆమే నోరు విప్పింది.

"నీ కన్నీళ్లు నమ్మి కొన్నాళ్లు కడుపునిండా తిన్నానయ్యా."

"తప్పేనమ్మా."

"నువ్వు చూడకపోతే వాడు లేనట్టా?"

"ఉన్నాడనే నా నమ్మకం. కానీ లోపల గిలగిలా కొట్టుకుంటూనే ఉంది."

"నాకు మాత్రం కుదురుందా? వాణ్ణి తొమ్మిది నెలలు మోశాను. ఒక్కసారైనా మొహం చూశానా? తన్నేవాడు, ఉన్నాడనుకునేదాన్ని. ఇప్పుడు ఆ తన్నులు కూడా లేవు." ఆమె దారపు ఉండను డబ్బాలో పెట్టి మూత నొక్కింది. "మళ్లీ పోయినప్పుడు కాస్త సరిగ్గా చూసి రా."

"ఈసారి పోతే తిరిగి రానమ్మా."

"రాకపోతే మరీ మంచిది. అమ్మ అడిగిందని వాడికి చెప్పు."

"చెబుతానమ్మా," అన్నాడు మేస్త్రి. నవ్వాలో ఏడవాలో తెలియక కొట్టు దిగాడు. ఇల్లు ఆ పక్క వీధే అయినా, చుట్టుదారి పట్టి నడిచాడు.