ఎలీషా తుడిచిన మసక

రాయపూర్ ఫాఫాడీలో మీటర్ల ఎలీషా అంటే తెలియని డ్రైవరు ఉండడు. రైల్వే వ్యాగన్ల వర్క్‌షాపులో పని దొరికి తండ్రి బాపట్ల వైపు నుంచి ఈ ఊరొచ్చాడు. కొడుక్కి రైల్వే ఉద్యోగం రాలేదు, చేతిపని వచ్చింది. పాత కార్ల మీటర్లు బాగుచేస్తాడు. ముఖ్యంగా వాటి మీదుండే ప్లాస్టిక్ అద్దాలు. ఏళ్ల తరబడి ఎండ తిని అవి పాలు పోసినట్టు మసకబారిపోతాయి. చాలా బళ్లకి కొత్తవి దొరకవు. ఎలీషా ఆ అద్దాన్ని విప్పి, తడిపి, సన్నటి వాటర్ పేపరుతో ఓపిగ్గా రుద్ది, పాలిష్ పెట్టి, మెత్తటి గుడ్డతో తిప్పి తిప్పి తేట చేస్తాడు. థిన్నరు తగిలితే బీటలు వారుతుంది, తొందరపడితే గీతలు మిగులుతాయి. "నా చెయ్యి పడినట్టు కనబడిందంటే అది పనే కాదు" అనేవాడు. మంచి పనివాడి మాటే. ఆ మాటే ఒకడి కొంప ముంచింది.

ఆ ఒకడు పరదేశి. విజయనగరం వైపు వాడు. ఒక రైస్ మిల్లు సేఠ్ దగ్గర డ్రైవరు. సేఠ్‌కి పాత కార్లంటే మోజు. వాటిలో నల్ల కాంటెస్సా అంటే ప్రాణం. ఎండాకాలం మొదట్లో పరదేశి ఆ కారు తెచ్చి ఎలీషా దుకాణం ముందు ఆపాడు.

"ఏటన్నా, ఈ అద్దం సంగతేటో సూడు. మజ్జానం ఎండ పడితే ముల్లే కనపడదు. ఇంజను మరుగుతుందో సల్లగుందో నాకేటి తెలుస్తాది?"

ఎలీషా బొటనవేలితో రాసి చూశాడు. "బయటా లోపలా రెండు పక్కలా పట్టేసిందిరా. విప్పాల్సిందే. మీ సేఠ్‌ని అడిగావా?"

"అడగకేటి? ముట్టుకుంటే సెయ్యి విరుగుద్ది అన్నాడు. అంతా ఒరిజినల్ అంట. మసక కూడా ఒరిజినలేనంట!"

ఇద్దరూ పడీపడీ నవ్వుకున్నారు.

మే నెలలో ఒక మిట్టమధ్యాహ్నం సేఠ్ కుటుంబాన్ని పెళ్లికి తీసుకెళ్తుండగా అభన్‌పూర్ దాటాక కాంటెస్సా మరిగింది. బానెట్ కింద నుంచి ఆవిరి కనబడేసరికే ఆలస్యమైంది. ఇంజను బిగుసుకుపోయింది. మామూలుగా ముందు వేడి చూపే ముల్లు ఎర్రగీత దాటుతుంది, డ్రైవరు చూసి బండి ఆపుతాడు. ఆ ముల్లు కనబడితే కదా. సేఠ్ మాత్రం ఒకే మాట అన్నాడు: "సో గయా థా. నిద్రపోయాడు." రోడ్డు మీదే, పెళ్లాం పిల్లల ముందే తాళాలు లాక్కున్నాడు.

డ్రైవరు పనికి ఈ ఊళ్లో నియామక పత్రం ఉండదు, సెలవుండదు, పీఎఫ్ ఉండదు. ఉండేది పేరొక్కటే. స్టీరింగ్ మీద నిద్రపోయాడన్న పేరు పడ్డవాడి చేతికి ఎవరూ తాళాలివ్వరు. ఆ పేరు పెట్టే హక్కు యజమానిది. చెరుపుకునే భారం మాత్రం డ్రైవరుది. పరదేశి డ్రైవర్ల సంఘానికి వెళ్లి మొత్తుకున్నాడు. సంఘం పెద్ద యుగంధర్ వెళ్లి సేఠ్‌తో మాట్లాడితే, ఆయన "రండి, మీటరు మీ కళ్లతోనే చూడండి" అని ఒక రోజు ఖాయం చేశాడు.

ఆ రోజుకి ముందే సేఠ్ లెక్కలు చూసే మునీమ్ కాంటెస్సా మీటరు ఊడదీయించి ఎలీషా బల్ల మీద పెట్టాడు. నయా రాయపూర్‌లో పాత కార్ల ర్యాలీ ఉందట, జల్దీ కావాలట. నిన్నటిదాకా ముట్టుకోకూడని అద్దం అది.

ఎలీషా భార్య సారమ్మ ఆస్పత్రిలో నర్సు. డ్యూటీ దిగి వస్తూ దుకాణంలో తొంగిచూసింది. "అది పరదేశి బండిది కదూ? ఆ గొడవ తేలకుండా నువ్వు చెయ్యి పెడతావా?"

"బండి సేఠ్‌ది. పని నాది. మధ్యలో నాకెందుకు?"

"మధ్యలో నువ్వే ఉన్నావు మరి" అని ఆవిడ వెళ్లిపోయింది.

దుకాణానికి వచ్చే పనిలో సగం సేఠ్‌దీ, ఆయన స్నేహితులదీ. అది నిజం. కానీ అద్దం నీళ్లలో ముంచాక ఎలీషాకి సేఠూ గుర్తులేడు, పరదేశీ గుర్తులేడు. రుద్దేకొద్దీ మసకలోంచి ముందు అంకెలు, తర్వాత ఎర్రగీత, ఆ తర్వాత ముల్లు తేలి వచ్చాయి. అంత తేటగా ఎన్నడూ రాలేదు. ఆ సాయంత్రం ఈల వేసుకుంటూ ఇంటికొచ్చాడు. తర్వాత అతన్ని అన్నిటికంటే కోసింది ఆ ఈలే.

చెప్పిన రోజున మిల్లు ఆవరణలో ఎలీషా మీటరు బిగిస్తుండగా యుగంధర్, పరదేశి వచ్చారు. సేఠ్ కారు తలుపు తెరిచాడు.

"చూడండి. ఎలీషా, నువ్వు ఉస్తాద్‌వి. ముల్లు కనబడుతోందా లేదా?"

"కనబడుతోంది సేఠ్‌జీ."

పరదేశి తల దూర్చి చూసి గతుక్కుమన్నాడు. "అన్నా, ఇది నువ్వు తోమినావు! సెప్పన్నా! రెండు పక్కలా పట్టేసిందని నువ్వే అన్లేదేటి?"

సేఠ్ నవ్వాడు. "అరే, పైన దుమ్ము తుడిచాడు, బస్. అంతే కదా ఎలీషా?"

ఎలీషా తల కదిలింది. "ఊపానో వంచుకున్నానో నాకే తెలీదు" అని తర్వాత అనేవాడు. చూసినవాళ్లకి మాత్రం ఊపినట్టే కనబడింది. యుగంధర్ కళ్లజోడు పెట్టుకుని అద్దం మీద గీతైనా ఉందేమోనని వెతికాడు. ఒక్కటీ లేదు. ఎలీషా పని అలాంటిది.

"సంఘం పరువు తీశావు కదరా" అన్నాడు యుగంధర్ పరదేశితో. అతను ఎలీషా వైపు ఒకసారి చూసి, గేటు దాటి వెళ్లిపోయాడు.

తర్వాతి నెల మొదటి ఆదివారం తెలుగు చర్చిలో ప్రభువు బల్ల, అంటే అందరికీ రొట్టె, ద్రాక్షరసం పంచే ఆరాధన. పళ్లెం తిరిగేముందు పాస్టరుగారు ఎప్పుడూ చెప్పే మాటే చెప్పారు: సాటివాడికి అన్యాయం చేసినవాళ్లు ముందు వెళ్లి దాన్ని సరిచేసుకుని రావాలి. పళ్లెం ఎలీషా దగ్గరికి వచ్చింది. రొట్టె వైపు చెయ్యి పోలేదు. బాప్తిస్మం పొందిన మనిషి రొట్టె ముట్టకుండా పళ్లెం పక్కకిచ్చాడంటే చర్చి సంఘమంతా చూస్తుంది. చూసింది. బయటికొచ్చాక ఒకావిడ సారమ్మని ఆపి, "మీ ఆయన మళ్లీ తాగుతున్నాడా ఏంటి?" అని గుసగుసలాడింది.

సారమ్మ ఇంటికెళ్లేదాకా ఆగింది. "పాస్టరుగారి మీద అలిగావా, నా మీద అలిగావా?"

"నా మీదే" అన్నాడు.

"అయితే ఇంట్లో కూర్చుంటే తీరదు. సరిచేసుకోమని చెప్పింది నీకే."

మర్నాడు పొద్దున్నే టాక్సీ స్టాండుకెళ్లాడు. టీలు తాగుతున్న డ్రైవర్లందరి మధ్యా యుగంధర్ ముందు నిలబడి, అద్దం ముందెలా ఉండేదో, ఎవరు తెచ్చారో, తనేం చేశాడో అంతా చెప్పాడు. "పరదేశి నిద్రపోలేదు. సేఠ్‌కి భయపడి నేను నోరు మూసుకున్నాను."

"వాహ్ ఉస్తాద్" అన్నాడు యుగంధర్. "కొంప కాలాక నీళ్లు తెచ్చావు."

అన్నాడే కాని తన తొందరపాటు తనకీ తెలిసొచ్చింది. సేఠ్‌కి ఫోను చేస్తే, "పోయినవాడి గురించి నాకెందుకు" అని పెట్టేశాడు. ఆ సాయంత్రమే మునీమ్ వచ్చి, దుకాణంలో ఉన్న సేఠ్ మీటర్లన్నీ విప్పినవి విప్పినట్టే సంచిలో వేసుకుపోయాడు. యుగంధర్ మాత్రం స్టాండులో గట్టిగా చెప్పాడు: పరదేశి నిద్రపోయాడని ఎవడన్నా అంటే ముందు నాతో మాట్లాడాలి.

పరదేశి అప్పటికి అభన్‌పూర్ దగ్గర ధాన్యం బస్తాలు మోస్తున్నాడు. ఎలీషా వెతుక్కుంటూ వెళ్లి, స్టాండులో చెప్పిందంతా చెప్పి, క్షమించమన్నాడు. పరదేశి తలపాగా విప్పి మెడ తుడుచుకున్నాడు.

"స్టాండులో సెప్పినావు, బాగుంది. నేను నిద్రపోయినానని నమ్మింది స్టాండొకటే కాదన్నా. నా కూతురు నమ్మింది. దానికి సెప్పు."

ఇద్దరూ బస్సులో వచ్చారు. ఇంటి దగ్గర పరదేశి కాళ్లు కడుక్కోవాలని కుళాయి వైపు వెళ్లిపోయాడు. గుమ్మంలో కూతురు చాందిని, కాలేజీ పిల్ల. ఎలీషా నిలబడే చెప్పాడు. రెండుసార్లు తడబడ్డాడు. తల కదిలిన సంగతి కూడా దాచలేదు.

చాందిని నేల చూస్తూ అంది. "నాన్న ఆ రోజే చెప్పాడంకుల్, అద్దం మసగ్గా ఉందని. డ్రైవర్లందరూ అలాగే చెప్తారు అన్నాను. సేఠ్ తన పిల్లల ముందు అన్నదానికంటే నా మాటకే నాన్న ఎక్కువ నొచ్చుకుని..."

చెప్పుల్లేకుండానే కుళాయి వైపు నడిచింది. పరదేశి వెనక్కి తిరగలేదు. కడిగిన కాళ్లే మళ్లీ కడుగుతున్నాడు. ఆమె అతని పక్కన కూర్చుంది.

ఎలీషాని లోపలికి రమ్మని ఎవరూ అనలేదు, వెళ్లిపొమ్మనీ అనలేదు. అనవలసిన పని కూడా లేదు. అతను గుమ్మం బయటే, ఎండలో నిలబడ్డాడు.