నాలుగో దూలం మీద ‘ఏం కూర?’

హజరత్తయ్యకు ఒకటే జబ్బు. మనిషి కనిపిస్తే ‘ఏం కూర?’ అని అడుగుతాడు. అడగడంలో తప్పు లేదు, తెలుగువాళ్ళలో అది అడగనివాడెవడు? కాని ఆయన అరుగు మీదో అంగట్లోనో అడగడు. ఏటి మీద దూలాల వంతెన సగం దాటి, ఒక కాలు గాలిలో ఉంచి, రెండో కాలు నిలుస్తుందో లేదో అని మనం చూసుకుంటున్నప్పుడు అడుగుతాడు. అదీ గొంతెత్తి. జవాబు చెప్పేదాకా వదలడు.

మా ఊరికీ కోట అనే ఊరికి పోయే రోడ్డుకూ మధ్య ఏరు. దాని మీద ఉన్నదాన్ని వంతెన అనడం మర్యాద కోసం. వరసగా గుంజలు పాతి, వాటి మీద ఏడు జతల తాటిదూలాలు పరిచి, చేతి ఆసరాకు పక్కన ఒక కొబ్బరితాడు కట్టారు. ఆ తాడు మనల్ని ఆపేది కాదు, అదే పడిపోకుండా మనం పట్టుకోవాలి. నాలుగో జతలో ఒక దూలం వరదకు కొట్టుకుపోతే దాని స్థానంలో కొబ్బరి మొద్దు వేశారు. కాలు పడగానే అది కొంచెం పక్కకు దొర్లి, కాసేపు ఆలోచించుకుని, మళ్ళీ తన చోటికి వచ్చేది. కింద మొలలోతు బురద. సముద్రం పోటు మీదుంటే దాని పైన రెండు నిలువుల నీళ్ళు.

అవతలి కొసన, రోడ్డు పక్కన, హజరత్తయ్య సైకిలు పాక. సైకిలు నెత్తిన పెట్టుకుని ఆ దూలాల మీద నడిచే వీరుడు మా ఊళ్ళో లేడు కనుక మా సైకిళ్ళన్నీ ఆయన దగ్గరే ఉండేవి. వాటికి గాలి కొడుతూ, పంక్చర్లు వేస్తూ, వంతెనకేసి చూస్తూ కూర్చునేవాడు.

పందొమ్మిదివందల యాభై ఎనిమిదిలో నాకు కోట గ్రంథాలయంలో పని దొరికింది. మొదటిరోజు ఇస్త్రీ పంచె కట్టుకుని, చంకలో రెండు పుస్తకాలు ఇరికించుకుని బయల్దేరాను. నాలుగో దూలం మీద కాలు పెట్టాను.

“ఎవురబ్బా అది? జయరామయ్య కొడుకువు గదా? ఏం కూర మీ ఇంట్లో?”

విననట్టు నటించాను. మొద్దు దొర్లింది.

“నిన్నే! నోట్లో నాలిక లేదా?”

“వంకాయ!”

“వంకాయంటే? పులుసా, ఏపుడా?”

“పులుసు!”

“ఎండు రొయ్యలు ఏసినారా, ఎయ్యలా?”

వేశారా లేదా అని గుర్తు చేసుకుని, వేశారని ఆయన మొహం మీదే చెప్పేటప్పటికి రోడ్డు మీద నిలబడి ఉన్నాను. పుస్తకాలు తడవలేదు. ఇంత తిండిపోతును ఏ పుస్తకంలోనూ చదవలేదనుకుంటూ సైకిలెక్కాను.

ఏరు వెడల్పు కనుక జవాబు కేకేసి చెప్పాలి. దాంతో ఎవరి పొయ్యి మీద ఏం ఉడికిందో రెండు ఒడ్లకూ తెలిసిపోయేది. పంచాయతీ ప్రెసిడెంటు పద్మనాభయ్య ఒకసారి వరసగా మూడు రోజులు ‘ఊరుబిండి’, అంటే ఉత్త రోటిపచ్చడే, అని చెప్పాడు. నాలుగోరోజు ఊరి పెద్దలు నలుగురు ఆయన ఇంటికి పరామర్శకు వెళ్ళారు.

“ఏం ఇబ్బంది వచ్చింది పద్మనాభయ్యా? మాతో చెప్పుకోకూడదా?”

“ఇబ్బందేంది? నాకు ఊరుబిండంటే ఇష్టం!”

“అట్నే అంటార్లే పాపం,” అనుకుంటూ లేచి వచ్చారు.

గాజుల దరియావలి కోడలు ఖుర్షీదాకు పరాయి మగవాళ్ళతో మాట్లాడే అలవాటు లేదు. కాని అత్తతో కలిసి గాజుల గంప ఎత్తుకుని ఏరు దాటక తప్పదు. హజరత్తయ్య అడిగితే గంప మీది చేయి తీసి గాలిలో ఏదో ఆకారం గీసి చూపించేది. అది పొట్లకాయో ములక్కాయో ఆయనకు తేలేది కాదు. “సొరకాయా? అరటికాయా? ఉర్లగడ్డా?” అని వరసగా చదివేవాడు. ఆ పిల్ల ఆయనకేసే చూస్తూ, తల అడ్డంగా ఊపుతూ ఊపుతూ ఒడ్డు చేరేది. చేరాక అత్త ఆయన్ను ఉర్దూలో తిట్టేది. ఆయన అర్థం కానట్టు చేతులు జోడించేవాడు.

అందరికంటే నోరు గలది పెరుగమ్మే రాఘవమ్మ. నెత్తిన కుండ మీద కుండ.

“ఏం కూర రాఘవమ్మా?”

“నీ పిండాకూడు!”

“అది నాకు గదా. నీకేందంటుండా?”

“కొర్రమేను పులుసు! మామిడికాయేసి! చాలా? ఇంకా ఏడవాల్నా?”

“ఉప్పు సరిపోయిందా?”

“ఒడ్డుకు రానీ, నీ నోట్లో పోస్తా!”

అరవయ్యో సంవత్సరం కార్తీకమాసం ముసురులో మా ఊరి యెహోషువ నాలుగో దూలం మీది నుంచి జారి కాలు విరగ్గొట్టుకున్నాడు. బురదలో పడ్డాడు గనుక కాలుతో పోయింది. ఆ రోజు హజరత్తయ్య టైర్ల కోసం నెల్లూరు వెళ్ళి ఉన్నాడు. తిరిగొచ్చి సంగతి విని మూడు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. ఒక పూట కూరలు తెలియక బెంగ పెట్టుకున్నాడని ఊళ్ళో నవ్వుకున్నారు.

ఈసారి పోటు మీద పడితే మనిషి దక్కడని అందరికీ తెలిసింది. పద్మనాభయ్య సమితి ఆఫీసు చుట్టూ ఏడు నెలలు తిరిగాడు. చివరికి ఒక ఓవర్సీరును పంపుతామన్నారు. ఆయన తెల్లవారి నుంచి పొద్దుగూకేదాకా వంతెన దగ్గర కూర్చుని దాటినవాళ్ళను లెక్కపెడతాడు. రెండు వందల మంది దాటితే సిమెంటు వంతెన. అంతకు తక్కువైతే ఒక కొత్త తాడు.

ఓవర్సీరు వచ్చాడు. సరిగ్గా మా అమ్మవారి జాతర రోజున వచ్చాడు. ఆ రోజు ఊళ్ళోవాళ్ళెవరూ పొలిమేర దాటకూడదని కట్టు, పొలిమేరంటే ఏరే. ఆయన అవతల హజరత్తయ్య పాక ముందు గొడుగు వేసుకుని కూర్చున్నాడు. మేమంతా ఇవతలి ఒడ్డున పసుపు బట్టలతో నిలబడి ఆయన్ను చూస్తున్నాం. సాయంత్రానికి ఆయన కాగితం మడిచాడు.

“పదకొండు!” అని కేకేశాడు. “అందులో నేనే రెండుసార్లు!”

పద్మనాభయ్య దూలం అంచుదాకా వచ్చి ఆగిపోయి అక్కడి నుంచే బతిమాలాడు. “సార్! ఈరోజు జాతర! రేపు చూడండి సార్, మీకు వేళ్ళు చాలవు!”

“రేపు నాకు ఇంకో వంతెన ఉంది! నా కంటికి కనిపించిందే రాస్తా!”

ఒడ్డంతా చప్పబడిపోయింది. ఇంకో వానాకాలం ఆ మొద్దు మీదే. అప్పుడు హజరత్తయ్య గొంతు వినిపించింది. ఆయన పక్క మనిషితో మాట్లాడినా ఏరు దాటి వినిపిస్తుంది.

“నిన్నటిది నేను చెప్తా, రాసుకోండి సార్. తెల్లారకముందే రాఘవమ్మ, కొర్రమేను పులుసు. ఎనకాలే యెహోషువ పెళ్ళాం, ఎండు నెత్తళ్ళు. దరియావలి కోడలు, ఏందో తెలీలేదు, పొడుగుది. ప్రెసిడెంటయ్య, మళ్ళీ ఊరుబిండి…”

“ఏందయ్యా ఇది? మనుషుల్ని చెప్పమంటే వంట చెప్తావేంది?”

“కూర తీసేస్తే పేరు గుర్తుకు రాదు సార్. రెండూ కలిసే ఉండాయి నా తలకాయిలో.”

ఓవర్సీరు నవ్వాడు. నవ్వుతూనే మొదలుపెట్టి రాస్తూ పోయాడు. అరవై దాటాక నవ్వు ఆపాడు. నూటయాభై దాటాక లేచి నిలబడ్డాడు. అయినా ప్రభుత్వోద్యోగి కదా, ఊరికే నమ్మకూడదు. నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టుకుని మా ఒడ్డుకు కేకేశాడు.

“ఆడ రాఘవమ్మెవరు? నిన్న మీ ఇంట్లో ఏం కూర?”

“అయ్యో నా తల్లో! ఈయనకు గూడా తగులుకుందే!”

“చెప్పమ్మా! సర్కారు పని!”

“కొర్రమేను పులుసు! సర్కారుకు గిన్నెలో పోసి పంపాల్నా?”

ఇంకో పదిమందిని అడిగాడు. పదీ సరిపోయాయి. మొత్తం రెండు వందల పదిహేడు మంది, కూరలతో సహా ప్రభుత్వ కాగితం మీదికి ఎక్కారు. రెండు నెలలకు ఆఫీసు నుంచి ఒక తాఖీదు వచ్చింది. ‘జాబితాలో రెండవ వరుసన కనబరచిన ఎండు నెత్తళ్ళు అనునది వ్యక్తియా, వస్తువా, వెంటనే తెలియజేయవలెను.’ ప్రెసిడెంటు తరఫున సమాధానం నేనే రాశాను. ఎండుచేపలనీ, వస్తువేననీ, వంతెన మీద దాని బరువు లెక్కలోకి రాదనీ.

వంతెన మంజూరైంది. అరవై మూడు వేసవికి సిమెంటు స్తంభాలు, రెండు పక్కలా ఇనుప కమ్మీలు, కళ్ళు మూసుకుని నడవగలిగినంత వెడల్పు. ప్రారంభం రోజు పద్మనాభయ్య తన కృషి గురించి ముప్పావుగంట మాట్లాడాడు. మర్నాటి నుంచి మా సైకిళ్ళు మమ్మల్ని ఎక్కించుకునే ఏరు దాటాయి. హజరత్తయ్య పాకలో ఆగే పని వాటికి లేకపోయింది. వంతెన వస్తే ఇట్లా అవుతుందని ఆయనకు ఎవరూ చెప్పలేదా అని అడిగాను. “నాకు తెలవదా ఏంది? సైకిలన్నాక ఎప్పుడో ఒకనాడు పంచరు గాకపోతుందా అబ్బయా,” అన్నాడు.

కాని వారం గడిచినా ఆయన నోట ‘ఏం కూర’ రాలేదు. మనుషులు వంతెన మధ్యకు రాగానే అలవాటుకొద్దీ తలెత్తి ఆయనకేసి చూసేవాళ్ళు. ఆయన చక్రం తిప్పుకుంటూ ఉండేవాడు. ఊళ్ళో ఆడవాళ్ళకు ఇది అవమానంగా తోచింది. అడిగినన్నాళ్ళూ తిట్టినవాళ్ళే ఇప్పుడు, అడగకపోవడానికి మా వంటకేం రోగమన్నారు. ఎనిమిదోరోజు రాఘవమ్మ పాకలోకి నేరుగా వెళ్ళి కుండలు దించింది. నేను సైకిలుకు గాలి కొట్టుకుంటున్నాను.

“ఏందయ్యా, సిమెంటు రాగానే మా కూరలు చేదైపోయినాయా? ఒక్క మాట అడగవే?”

“ఇప్పుడు అడిగేదెందుకమ్మా?” అన్నాడు హజరత్తయ్య, చాలా మామూలుగా. “పాతదాని మీద నడిమధ్యకు వచ్చేతలికి అందురూ కిందికి చూస్తారు. కిందికి చూసినారా, కాళ్ళు వణుకుతాయి. నేను అడిగితే తలెత్తి నా దిక్కు చూస్తారు. కాళ్ళు వాటంతటవే వచ్చేస్తాయి.”

గాలి పంపు నా చేతిలోనే ఆగిపోయింది.

“ఇందిరమ్మ తెలుసు గదా, ప్రెసిడెంటయ్య భార్య?” అన్నాడు. “ఒకనాడు ఆ మొద్దు మీద బిగుసుకోని కూచుండిపోయింది. లేమ్మా అంటే లేవదు. దేవుణ్ణి తలుచుకో అంటే ఇంకా ఏడుస్తుంది. ఏం చెయ్యాల్నో తెలీక, ఇంట్లో ఏం కూరమ్మా అంటి. ‘అయ్యో, పొయ్యి మీద పప్పు!’ అని లేచి ఒకటే పరుగు. ఆనాటి నుంచి అదే పట్టుకున్నా.”

“అంటే, మా కూరల మీద నీకు మనసు లేనే లేదా?”

“నాకు కడుపులో పుండు తల్లీ. మజ్జిగన్నం తప్ప ముట్టుకుంటే చస్తా. రోజూ పోసేది నువ్వే గదా!”

రాఘవమ్మ రోడ్డుకేసి అటూ ఇటూ చూసింది. తర్వాత గొంతు తగ్గించింది. నేనక్కడ ఉన్నానన్న సంగతి మరిచిపోయిందనుకుంటాను.

“నేను చెప్పినవన్నీ అబద్ధాలయ్యా. మొగుడు పోయినాక మా ఇంట్లో చేపల మొగం చూసిందెవురు? కారం మెతుకులే. ఊరంతా వింటాదని కొర్రమేనంటి. సర్కారుకు గూడా అదే చెప్పి పెడితి!”

“అది నాకు ఎప్పుడో తెలుసు.”

“తెలిసీ అడిగితివా?”

“అబద్ధం చెప్పేటప్పుడు మనిషి ఎదుటోడి కళ్ళలోకే చూస్తాడు, నమ్మినాడా లేదా అని. కిందికి చూడనే చూడడు. ఊరు మొత్తంలో నీ నడకే బాగుండేది రాఘవమ్మా!”

రాఘవమ్మ వంగి మజ్జిగ కుండ మూత తీసింది. ఆయన గిన్నె లాక్కుని మజ్జిగ పోయడం మొదలుపెట్టింది.

“తాగి చావు! పుండు పెట్టుకోని ఊరందరి కూరలూ అడిగిన మొగమూ నువ్వూనూ!” అని తిడుతూ, తిట్టు పూర్తయ్యేదాకా పోస్తూనే ఉంది. రాఘవమ్మ తిట్లు అంత తొందరగా పూర్తయ్యేవి కావు. గిన్నె నిండి, పొర్లి, మజ్జిగ హజరత్తయ్య కాళ్ళ మీదికి వచ్చింది.